మగవాళ్ళు చెప్పరంటున్నారు, మీరు అడిగారా?

వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు, ప్రభుత్వ ఆసుపత్రుల డాక్టర్లకు, మా తోటి మందుల షాపుల వాళ్ళకు ఒక బహిరంగ లేఖ

నమస్కారం.

నేను పల్నాడు జిల్లాలో ఒక మండల కేంద్రంలో మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టును. మగవాళ్ళకు వచ్చే ప్రొస్టేట్, మూత్ర, లైంగిక సమస్యలకు మా చుట్టుపక్కల ప్రభుత్వ ఆసుపత్రుల్లో సరైన ఏర్పాటు లేదని, చేయమని కోరుతూ పోయిన ఏడాది అర్జీ పెట్టాను. మా ఊరి పెద్దలు కొందరు సంతకాలు చేశారు. రసీదు ఇచ్చారు. కొన్నాళ్ళకు అర్జీ పరిష్కారమైందని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారం చేశారో అందులో లేదు. కనుక్కుందామని వెళ్తే అక్కడి అధికారి కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడారు గానీ, "మగాళ్ళు ఇలాంటివి బయటికి చెప్పుకోరు కదండీ, మేం మాత్రం ఏం చేస్తాం?" అన్నారు.

చెప్పుకుంటున్నారండీ. మా దగ్గర చెప్పుకుంటున్నారు. షాపు కట్టేసే వేళకు వస్తారు. కౌంటరు దగ్గర ఆడవాళ్ళు ఉంటే దగ్గు మందు అడిగి, వాళ్ళు వెళ్ళిపోయేదాకా ఆ సీసా మీద అక్షరాలు చదువుతూ నిలబడతారు. తర్వాత ముందుకు వంగి గొంతు తగ్గించి అడుగుతారు. "పోసేటప్పుడు మంటగా ఉంటోంది." "ధార సన్నబడింది, ఎంతసేపు నిలబడ్డా ఇంకా ఉన్నట్టే ఉంటది." "రాత్రి నాలుగుసార్లు లేస్తున్నా." "ఇంట్లో ఆమెతో కలవలేకపోతున్నా, ఏదన్నా మాత్ర ఉందా?" డాక్టరు చీటీ ఉండదు. ఆసుపత్రికి వెళ్ళారా అంటే, అక్కడ అందరి ముందూ ఎట్లా చెప్పేది అంటారు.

30 ఏళ్ళు దాటినవాళ్ళ ఇంటికి ఆశా కార్యకర్త, ఏఎన్ఎం వస్తున్నారు. బీపీ చూస్తారు, షుగరు చూస్తారు, నోట్లో పుండ్లు ఉన్నాయా అని అడుగుతారు, ఆడవాళ్ళకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార కేన్సర్ల గురించి అడుగుతారు. మంచి పని, ఇంకా బాగా జరగాలి. కానీ మూత్రం ఎలా వస్తోందని మా ఊళ్ళో ఏ మగవాడినైనా ఇంటికొచ్చి అడిగినట్టు నేను వినలేదు. అడగని దానికి జవాబు రాలేదని ఎలా అంటాం?

ప్రొస్టేట్ గ్రంథి మగవాళ్ళందరికీ ఉండేదే. మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉసిరికాయంత ఉంటుంది. పడుచు వయసులో సుమారు 20 గ్రాములుండేది 50 దాటాక చాలామందిలో పెరుగుతూ పోతుంది. 60ల్లో ఉన్న మగవాళ్ళలో ఇంచుమించు సగం మందికి, 80 దాటినవాళ్ళలో ఎక్కువమందికి ఈ పెరుగుదల ఉంటుంది. పెరిగిన గ్రంథి మూత్రనాళాన్ని నొక్కుతుంది. ఇది కేన్సర్ కాదు, కేన్సర్‌గా మారేదీ కాదు. మందులున్నాయి, ఆపరేషన్ ఉంది. ఇంత మామూలు జబ్బు మా మండలంలో ఏం చేస్తోందో, దానితోపాటు మిగతా మగ సమస్యలు ఏం చేస్తున్నాయో కింద రాస్తున్నాను.

1. ఉన్నట్టుండి మూత్రం ఆగిపోవడం. మా దగ్గరి పల్లెలో మిరప రైతు ఒకాయన, 70కి దగ్గర పడ్డ మనిషి. మూడేళ్ళుగా రాత్రిపూట పదేపదే లేస్తున్నా వయసు మీద పడిందిలే అనుకున్నాడు. చలికాలంలో జలుబు చేస్తే కిరాణా కొట్లో దొరికే జలుబు బిళ్ళలు రెండు రోజులు వేసుకున్నాడు. ఆ బిళ్ళల్లో సాధారణంగా ఉండే ఫినైలెఫ్రిన్ మూత్రాశయం మెడ దగ్గరి కండరాన్ని బిగిస్తుంది. క్లోర్‌ఫెనిరమిన్ మూత్రాశయం పిండే శక్తిని తగ్గిస్తుంది. ప్రొస్టేట్ పెరిగి ఉన్న మనిషికి ఈ రెండూ కలిస్తే ఎలా ఉంటుందో డాక్టర్లకు నేను చెప్పనక్కర్లేదు. అర్ధరాత్రికి ఒక్క చుక్క రాలేదు. పొత్తికడుపు ఉబ్బి రాయిలా అయింది. మంచం మీద పడుకోలేక, కూర్చోలేక, అరుగు పట్టుకుని వంగి నిలబడి ఏడ్చాడని కొడుకు చెప్పాడు.

దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో ఆ వేళ మూత్రం తీసే గొట్టం (క్యాథెటర్) వేసేవాళ్ళు లేరు. అక్కణ్ణుంచి ఆటోలో టౌనుకు, అక్కడ ప్రైవేటు ఆసుపత్రిలో వేశారు. లీటరు పైన వచ్చిందట. మామూలుగా మూత్రాశయం పట్టేదే నాలుగైదు వందల మిల్లీలీటర్లు. ఆ ప్రయాణంలో ప్రతి గుంతకూ ఆయన పడ్డ నరకానికి మందు కావాలంటే ఒక గొట్టం, కాస్త జెల్లీ, ఒక బ్యాగు, వేయడం వచ్చిన ఒక మనిషి చాలు.

2. కిడ్నీలు పోవడం. మూత్రం ఒక్కసారిగా ఆగితే నొప్పి పుడుతుంది కాబట్టి ఆసుపత్రికి పరిగెడతారు. కొందరిలో అలా కాదు. కొద్దికొద్దిగా మిగిలిపోతూ, నెలల తరబడి మూత్రాశయం నిండుగానే ఉంటుంది, నొప్పి ఉండదు. ఆ ఒత్తిడి పైకి తన్ని కిడ్నీలు ఉబ్బుతాయి, కిడ్నీలు వడకట్టాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరుగుతుంది. కాళ్ళ వాపులని, ఆకలి లేదని వస్తే అప్పుడు స్కానింగ్‌లో బయటపడుతుంది. శ్రీకాకుళం వైపు ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు, పెద్ద పెద్ద వాళ్ళు వెతుకుతున్నారు. ఇక్కడ కారణం కళ్ళెదుటే ఉంది. ముందే పట్టుకుంటే ఆగే కిడ్నీ జబ్బుకు డయాలసిస్ దాకా ఎందుకు పోవాలి?

3. నీళ్ళు మానేయడం. ఇది రికార్డుల్లో ఎక్కడా కనపడదు. మూత్రం పదేపదే వస్తుందని మగవాళ్ళు నీళ్ళు తాగడం తగ్గించేస్తారు. పల్నాడు ఎండల్లో, పత్తి చేలో, నీళ్ళు తగ్గిస్తే రాళ్ళు ఏర్పడతాయి, మంట పెరుగుతుంది, ఇన్‌ఫెక్షన్ వస్తుంది. లారీ డ్రైవర్లు, బస్సు డ్రైవర్లు, ఆటోవాళ్ళు గంటల తరబడి బిగబట్టుకుంటారు. (ఆడవాళ్ళ కష్టం ఇంతకన్నా ఎక్కువ. ఆ సంగతి వేరే లేఖ రాయాల్సినంత ఉంది.) పెళ్ళికి పిలిస్తే వెళ్ళరు, బస్సెక్కరు, గుడి మెట్లెక్కరు. పంచె తడుస్తుందని భయం. ఇంట్లో ఆడవాళ్ళు అర్ధరాత్రి లేచి దుప్పట్లు మారుస్తారు, యూరిన్ బ్యాగు ఖాళీ చేస్తారు. రాత్రి చీకట్లో బాత్రూంకి లేచి పడి తుంటి విరిగిన వాళ్ళున్నారు. వాళ్ళు ఎముకల డాక్టరు లెక్కలోకి వెళ్తారు, ఎందుకు లేచారో ఎవరూ రాయరు.

4. "వేడి చేసింది" అనుకోవడం. మంట మొదలవగానే బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు, మజ్జిగ. తాగడం మంచిదే, తప్పు పట్టను. తగ్గకపోతే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు మూడు కొనుక్కుపోతారు, రెండు వేసుకుని ఆపేస్తారు. మగవాళ్ళకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే చాలాసార్లు వెనక ఏదో కారణం ఉంటుంది, ప్రొస్టేటో, రాయో, షుగరో చూడాలి. చలి జ్వరంతో ప్రొస్టేటే వాచి చీము పట్టే పరిస్థితి కుర్రాళ్ళలో కూడా వస్తుంది. ఏ సూక్ష్మజీవో, ఏ మందుకు లొంగుతుందో చెప్పే మూత్రం కల్చర్ పరీక్ష మా మండలంలో లేదు. అందుకని అందరూ ఊహించి వాడుతున్నారు, మందులకు లొంగని సూక్ష్మజీవులు తయారవుతున్నాయి.

5. లైంగిక సమస్య వెనక గుండె జబ్బు. దీని మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దీని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. అంగానికి రక్తం తీసుకెళ్ళే నాళాలు ఒకటి, రెండు మిల్లీమీటర్ల సన్నవి. గుండెకు పోయేవి మూడు, నాలుగు మిల్లీమీటర్లు. నాళాల్లో కొవ్వు పేరుకుంటే ముందు సన్నవాటిలో తెలుస్తుంది. అందుకే అంగస్తంభన తగ్గడం చాలామందిలో గుండె జబ్బు బయటపడటానికి రెండు మూడేళ్ళ ముందు వచ్చే సూచన. షుగరున్న మగవాళ్ళలో ఇది ఇంకా ఎక్కువ. అంటే ఆ మనిషి సిగ్గుపడుతూ నా కౌంటరు దగ్గరికి వచ్చిన రోజే అతని గుండెను, షుగరును పరీక్షించాల్సిన రోజు. అతను మాత్ర కొనుక్కుని వెళ్ళిపోతాడు.

ఆ మాత్ర, అంటే అంగస్తంభనకు వాడే సిల్డెనాఫిల్, డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన మందు. సరిగ్గా వాడితే మంచి మందు కూడా. అయితే గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్లు వాడేవాళ్ళు దీన్ని ముట్టకూడదు. రెండూ కలిస్తే బీపీ ప్రాణం పోయేంతగా పడిపోవచ్చు. ఒక రాత్రి ఒక పెద్దాయన వచ్చి "ఆ మాత్ర" ఒకటి ఇవ్వమన్నాడు. వాడుతున్న మందులేవని అడిగితే చొక్కా జేబులోంచి సార్బిట్రేట్ షీటు తీసి చూపించాడు, అందులో రెండు వాడేసి ఉన్నాయి. ఇవ్వనని చెప్పి, ఎందుకో అరగంట కూర్చోబెట్టి చెప్పాను. ఆయన విన్నాడు. అడగని షాపుకు వెళ్ళుంటే? "బలానికి" అని అమ్మే పొడుల్లో ఇదే మందు దొంగచాటుగా కలిపి అమ్ముతున్న సంగతి కూడా మీకు తెలుసు. అక్కడ ఆ పెద్దాయన ఏం తాగుతున్నాడో ఆయనకే తెలియదు.

6. కుర్రాళ్ళ భయాలు, గోడల మీద ప్రకటనలు. నిద్రలో వీర్యం పోవడం జబ్బు కాదు. ఈ ఒక్క మాట చెప్పేవాళ్ళు లేక ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు ధాతువు పోయి నీరసించిపోతున్నామని తిండి, నిద్ర మానేస్తున్నారు. ఈ భయాన్ని 1960లోనే డాక్టర్ ఎన్.ఎన్. విగ్ "ధాత్ సిండ్రోమ్" అని పేరు పెట్టి వైద్య శాస్త్రంలో నమోదు చేశారు. అరవై ఏళ్ళు దాటినా అదే టెన్షన్, అదే గోడ మీద అదే "నరాల బలహీనత, గుప్త రోగాలకు గ్యారంటీ వైద్యం". లాడ్జిలో గది తీసుకుని నెలకోసారి వచ్చే మనిషికి కూలి డబ్బులు కట్టి వస్తారు. అభ్యంతరకర ప్రకటనల మీద 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉంది. లైంగిక సామర్థ్యం పెంచుతామని ప్రకటించడమే ఆ చట్టం కింద నేరం, మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు. ఆ గోడలు బస్టాండు పక్కనే ఉన్నాయి, అందరం చూస్తూ పోతున్నాం.

7. సుఖవ్యాధులు. వీటికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లు ఉన్నాయి, మందులు ఉచితం, వివరాలు బయటికి పోవు. ఎంత మందికి తెలుసు? తెలియక నా దగ్గర రెండు మాత్రలు కొనుక్కుని, లక్షణం తగ్గగానే ఇంటికి వెళ్ళి భార్యకు అంటిస్తున్నారు. తనకేమైందో తెలియకుండానే ఆమె వైద్యం లేకుండా ఉండిపోతుంది.

8. పిల్లలు పుట్టకపోతే మొదటి పరీక్షలు, మందులు, మొక్కులు, మాటలు అన్నీ ఆమెకే. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కారణం కూడా ఉంటుంది. వీర్య పరీక్ష ఖర్చు తక్కువ, సూది పోటు కూడా ఉండదు. అది చివర్లో చేయిస్తున్నారు.

9. ప్రొస్టేట్ కేన్సర్ ఆలస్యంగా తెలియడం. ఇది ఎముకలకు పాకే కేన్సర్. నడుం నొప్పని ఆర్ఎంపీ దగ్గర నెలల తరబడి నొప్పి సూదులు వేయించుకుని, కాళ్ళు పడిపోయాక గుంటూరు వెళ్ళిన మనిషిని నేను ఎరుగుదును. అలాగని ఊరంతటికీ పీఎస్ఏ (ప్రొస్టేట్ తయారుచేసే ఒక ప్రొటీన్) రక్తపరీక్ష చేయమని నేను అడగడం లేదు. ఇన్‌ఫెక్షన్ ఉన్నా, గొట్టం వేసినా, గ్రంథి మామూలుగా పెరిగినా పీఎస్ఏ పెరుగుతుంది. ప్యాకేజీల్లో చేయించుకుని కాగితం మీద ఎర్ర గుర్తు చూసి నిద్ర పోగొట్టుకున్నవాళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. లక్షణాలున్న మనిషిని డాక్టరు చేత్తో పరీక్షించి, అవసరమైతే పీఎస్ఏ రాసి, దాని అర్థం చెప్పే ఏర్పాటు కావాలి.

ఇక మేం కోరేవి.

1. అడగండి. 50 దాటిన ప్రతి మగవాడిని స్క్రీనింగ్‌లో మూడు ప్రశ్నలు అడగాలి: రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ధార సన్నబడిందా, పోసిన తర్వాత ఇంకా మిగిలినట్టు ఉంటోందా. ఉందన్నవాళ్ళకు ఐపీఎస్ఎస్ అనే ప్రశ్నల పట్టిక ఉంది. ఏడు ప్రశ్నలు, 35 మార్కులు. 7 వరకు వస్తే తేలిక, 8 నుంచి 19 మధ్యరకం, 20, ఆపైన వస్తే తీవ్రం. యంత్రం అక్కర్లేదు, కాగితం చాలు. ఆశా అక్కలకు ఇది అడగడం ఇబ్బందిగా ఉంటుంది, వాళ్ళ మీద వేయొద్దు. మగ ఆరోగ్య కార్యకర్తలకు అప్పగించండి. 104 బండి ఊరికి వచ్చినప్పుడు ఒక పక్కన తెర కట్టి అడిగించండి.

2. మందు పీహెచ్‌సీలోనే ఇవ్వండి. ప్రొస్టేట్ పెరిగినవాళ్ళకు మూత్రం తేలిగ్గా రావడానికి ఇచ్చే టామ్సులోసిన్ 0.4 మిల్లీగ్రాముల మాత్ర జనరిక్‌లో రోజుకు ఒక టీ ఖర్చు కూడా కాదు. మా మండలంలో అది ప్రభుత్వ ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న మనిషిని నేను చూడలేదు. దాన్ని మా షాపుల్లో చీటీ లేకుండా కొనడం కూడా మంచిది కాదు. వేసుకుని చటుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి. శుక్లాల ఆపరేషన్‌కు వెళ్ళేటప్పుడు ఇది వాడుతున్నామని కంటి డాక్టరుకు చెప్పకపోతే ఆపరేషన్‌లో ఇబ్బంది వస్తుంది. ఇవి చెప్పి ఇచ్చే డాక్టరు కావాలి.

3. గొట్టం వేసే సదుపాయం ప్రతి ఆరోగ్య కేంద్రంలో రాత్రింబవళ్ళు ఉండాలి. మిగతావి నెమ్మదిగా చేసినా దీన్ని ఈ నెలలోనే చేయొచ్చు. నర్సులకు శిక్షణ ఇవ్వండి, గొట్టాలు తెప్పించండి. పెట్టిన గొట్టం ఎప్పుడు తీయాలో, ఎక్కడికి రావాలో రాసి ఇవ్వండి. నెలల తరబడి అదే గొట్టంతో తిరిగేవాళ్ళున్నారు.

4. ఏరియా ఆసుపత్రుల్లో కనీసం పదిహేను రోజులకోసారి యూరాలజిస్టు (మూత్ర సమస్యల డాక్టరు) ఓపీ పెట్టండి. ఆపరేషన్ కావాల్సినవాళ్ళను అక్కణ్ణుంచే ఎన్టీఆర్ వైద్య సేవలో నమోదు చేసి, తేదీ ఇచ్చి పంపండి. కూలికి పోయే మనిషి ఓపీ చీటీ కోసం ఒకసారి, స్కానింగ్‌కి ఒకసారి, రిపోర్టుకి ఒకసారి గుంటూరు తిరగలేడు. ఒకసారి తిరిగి మానేస్తాడు.

5. తలుపు వేసి మాట్లాడే గది. ఓపీలో డాక్టరు చుట్టూ పదిమంది నిలబడి ఉంటే ఏ మగవాడు నోరు విప్పుతాడు? వారానికి ఒక పూట చాలు, బోర్డు మీద "మగవారి ఆరోగ్యం" అని రాయండి. సురక్ష క్లినిక్ ఎక్కడుందో బస్టాండులో, లారీలు ఆగే చోట రాయించండి. ఆ గోడల మీద ఇప్పుడున్న రాతలను చట్టప్రకారం చెరిపించి, ఆ స్థలంలోనే రాయించండి.

6. షుగరు, బీపీ క్లినిక్‌లకు వచ్చే మగవాళ్ళను లైంగిక సమస్య ఉందా అని డాక్టరే ముందు అడగాలి. అడిగితే చెప్తారు, నాకు తెలుసు.

డాక్టర్లకు ఒక మనవి. ఈ సమస్యతో వచ్చిన పెద్దాయనను "ఈ వయసులో నీకెందుకయ్యా ఇవన్నీ" అని పంపేయకండి. ఆ మాట విన్న మనిషి మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కడు, తిన్నగా లాడ్జి దగ్గరికి పోతాడు.

తోటి షాపుల వాళ్ళకు: సిల్డెనాఫిల్, అదే రకం మందు టాడలాఫిల్ అడిగిన ప్రతి మనిషినీ గుండె మందులు వాడుతున్నారా అని అడగండి. చీటీ లేకుండా ఇవ్వకండి. 60 దాటినవాళ్ళు జలుబు మాత్ర అడిగితే మూత్రం సరిగ్గా వస్తోందా అని ఒక్క మాట కనుక్కోండి. మన వ్యాపారం ఒక షీటు తగ్గితే తగ్గనివ్వండి.

అధికారులను చివరిగా కోరేది ఇది. పోయినసారిలా పరిష్కారమైందని మెసేజ్ పంపవద్దు. పైన రాసిన ఆరింటిలో ఏవి చేస్తారో, ఏవి చేయలేరో, ఎందుకు చేయలేరో రాతపూర్వకంగా చెప్పండి. ఏడు ప్రశ్నల పట్టికను తెలుగులో అచ్చువేసి మండలానికి వెయ్యి కాగితాలు పంపండి. మా షాపులో ఒక కట్ట పెట్టుకుంటాను. కౌంటరు మీదికి వంగి అడిగిన ప్రతి మనిషికీ ఒకటి ఇచ్చి, నింపించి, మీ పీహెచ్‌సీకి పంపుతాను. ఆ కాగితం పట్టుకుని వచ్చిన మనిషిని చూడటానికి ఏ రోజు, ఏ గదిలో, ఎవరుంటారో మాత్రం మీరు చెప్పాలి.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
పల్నాడు జిల్లా